గుర్రం వెన్నున ఒక గీత

1820లో లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఒక ఉత్తరం అందింది. రాసింది స్కాట్లండ్‌కు చెందిన మోర్టన్ ప్రభువు. అందులో సిద్ధాంతం లేదు, లెక్కలూ లేవు. ఒకప్పుడు తన దగ్గర ఉండి, ఆనక చేతులు మారిన ఒక ఆడగుర్రానికి పుట్టిన పిల్లల సంగతి ఉంది.

ఆ రోజుల్లో దక్షిణాఫ్రికా మైదానాల్లో క్వాగా అనే జంతువు తిరిగేది. జీబ్రా జాతిదే గాని చారలు తల, మెడ, ముందు భాగం వరకే. వెనక సగం మట్టిరంగు, కాళ్ళు తెలుపు. దాన్ని మచ్చిక చేసి పెంచాలని మోర్టన్ ముచ్చట. మగ క్వాగా దొరికింది, ఆడది దొరకలేదు. ఉన్నదాన్నే ఒక రాగిరంగు ఆడగుర్రం మీద దాటించాడు. ఆ గుర్రంలో ఎనిమిదింట ఏడు వంతులు అరబ్బీ రక్తం, అది దానికి తొలిచూలు. పుట్టిన పిల్లలో రెండు జాతుల పోలికలూ కనిపించాయి. ఇంతవరకు వింతేమీ లేదు.

తర్వాత ఆ గుర్రం సర్ గోర్ ఔస్లీ చేతికి వెళ్ళింది. పర్షియాలో రాయబారిగా పనిచేసి వచ్చిన దొర ఆయన. మేలుజాతి నల్ల అరబ్బీ గుర్రంతో దాన్ని దాటిస్తే వరసగా రెండు పిల్లలు పుట్టాయి. మోర్టన్ వెళ్ళి చూశాడు. ఒడ్డూ పొడుగూ చూస్తే రెండూ అచ్చం అరబ్బీ గుర్రాలే. కాని వెన్ను పొడవునా నల్లని గీత, భుజాల దగ్గర చారలు, కాళ్ళ వెనక అడ్డపట్టీలు! జూలు కూడా అరబ్బీ గుర్రాలకు మల్లే మెత్తగా ఒక పక్కకు వాలలేదు, బిరుసుగా నిక్కబొడుచుకుని ఉంది. తండ్రి చూస్తే నల్ల అరబ్బీ, పిల్లల మీద చూస్తే క్వాగా గుర్తులు.

రాయల్ సొసైటీ ఆ ఉత్తరాన్ని 1821లో తన పత్రికలో అచ్చువేసింది. ఆగాస్ అనే చిత్రకారుడు గీసిన ఆ కుటుంబం బొమ్మలు లండన్ సర్జన్ల కళాశాలకు చేరాయి. మొదట దాటిన మగజంతువు ముద్ర తల్లిలో ఉండిపోయి, తర్వాతి తండ్రుల పిల్లల మీద కూడా తేలుతుందని చదివినవాళ్ళు అర్థం చేసుకున్నారు. కుక్కలు పెంచేవాళ్ళలో అలాంటి నమ్మకం ముందునుంచీ ఉంది. ఇప్పుడు దానికి ఒక ప్రభువు సంతకం కూడా దొరికింది.

మోర్టన్ చూసింది నిజం. దానికి చెప్పుకున్న కారణం తప్పు. ఈ రెంటినీ విడదీయడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. ఆ ఎనభై ఏళ్ళలోనూ గుర్రాల కంటే ఎక్కువగా పరుగు తీసినవి ఉత్తరాలు.

ఇంట్లో కూర్చుని గుర్రాలను చూసిన మనిషి

గుర్రం ఒంటిమీద గుర్తులు చదవడం మనవాళ్ళకూ కొత్త కాదు. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉంటే పంచకల్యాణి అన్నారు. సుడి ఎక్కడ పడిందో చూసి బేరమాడారు. మనుమంచి భట్టు హయలక్షణవిలాసమని ఏకంగా తెలుగులో ఒక గ్రంథమే రాశాడు. కొనేవాడికి కావలసింది ఒక్కటే, ఈ గుర్రం ఇంటికొస్తే మంచా చెడా. ఆ గుర్తు గుర్రానికి ఎక్కణ్ణించి వచ్చిందనే ప్రశ్నతో వాడికి పని లేదు.

ఆ ప్రశ్న పట్టుకున్నవాడు చార్లెస్ డార్విన్. 1842లో లండన్ వదిలి కెంట్ జిల్లాలో డౌన్ అనే పల్లెకు చేరాడు. ఆరోగ్యం అంతంతమాత్రం, ప్రయాణాలు తక్కువ. కాని బ్రిటన్‌లో అంతకు రెండేళ్ళ ముందే పెన్నీ తపాలా వచ్చింది, ఒక్క పెన్నీ బిళ్ళ అంటిస్తే దేశంలో ఏ మూలకైనా ఉత్తరం పోయేది. డార్విన్ దాన్ని వాడుకున్నంతగా మరో శాస్త్రవేత్త వాడుకుని ఉండడు. ఆయన రాసినవీ, ఆయనకు వచ్చినవీ కలిపి ఇప్పటికి సుమారు 15,000 ఉత్తరాలు దొరికాయి. వాటిని అచ్చువేసే పని 30 సంపుటాలై 2023లో ముగిసింది.

అందులో పావురాలున్నాయి, కుందేళ్ళున్నాయి, నత్తగుల్లలున్నాయి. గుర్రాల సంగతి మాత్రం ఒక ప్రత్యేకమైన రంగు చుట్టూ తిరుగుతుంది. ఇంగ్లీషు గుర్రాలవాళ్ళు దాన్ని ‘డన్’ అంటారు. అది ఒక్క రంగు కాదు. నలుపు కలిసిన గోధుమ దగ్గర మొదలై మీగడ రంగు దాకా పోతుంది. మనకు చటుక్కున తట్టే పోలిక ఎండకు వెలసిన వరిగడ్డి. ఈ రంగు గుర్రాల వీపు మీద జూలు నుంచి తోక దాకా సన్నని నల్ల గీత ఉంటుంది. తాడు పరిచినట్టు తిన్నగా, అంచులు తేటగా. కొన్నింటికి మూపు దగ్గర ఆ గీతను దాటుతూ భుజాల మీదికి దిగే అడ్డగీత. మరికొన్నింటికి మోకాళ్ళ దగ్గర గాజులు తొడిగినట్టు పట్టీలు.

ఇవి చూసి హామిల్టన్ స్మిత్ అనే సైనికాధికారి 1841లో గుర్రాల మీద రాసిన పుస్తకంలో ఒక వాదన చేశాడు. పెంపుడు గుర్రాలు ఒక్క మూలజాతి నుంచి రాలేదు, పలు జాతుల నుంచి వచ్చాయి, వాటిలో ఒకటి డన్ రంగుదీ చారలదీ, ఇప్పటి చారల గుర్రాలు దానితో జరిగిన సంకరాల ఫలం అని. డార్విన్‌కు ఇది మింగుడుపడలేదు. బెల్జియం బండి గుర్రానికీ, వేల్స్ పొట్టి గుర్రానికీ, నార్వే గుర్రానికీ, గుజరాత్ గుర్రానికీ అదే ఒక్క జాతితో సంకరం ఎలా జరుగుతుంది? అయితే అన్నిచోట్లా చారలున్నాయని ముందు రుజువు కావాలి. అందుకని అడగడం మొదలుపెట్టాడు.

అడిగిన తీరు

ఆయన అడిగిన తీరు చూడాలి. గుర్రాలకు చారలుంటాయా అని ఊరుకోలేదు. వెన్నుమీదా, భుజం మీదా, కాళ్ళ మీదా? భుజం మీద ఒకటా, రెండా? తల్లి రంగేమిటి, తండ్రి రంగేమిటి? పిల్లప్పుడు ఉండి పెద్దయ్యాక పోయాయా? 1861లో ‘ది ఫీల్డ్’ అనే గ్రామీణ వినోదాల పత్రికలో డన్ గుర్రాల గురించి పాఠకులనే అడిగాడు. వేటగాళ్ళూ, గుర్రాల పెంపకందార్లూ చదివే పత్రిక అది. పండితుల సభలో దొరకని సమాచారం గుర్రపుశాలలో దొరుకుతుందని ఆయనకు తెలుసు.

ఒక బెల్జియం బండి గుర్రాన్ని ఆయన కొడుకే జాగ్రత్తగా పరిశీలించి బొమ్మ గీసిచ్చాడు. ఒక్కో భుజం మీద జంట గీతలు, కాళ్ళకు చారలు. వేల్స్ పొట్టి గుర్రం ఒకదానికి ఒక్కో భుజం మీద మూడేసి పొట్టి గీతలున్నాయని మరొకరు చెప్పారు. ఆ మనిషి పేరు డార్విన్ రాయలేదు గాని, పూర్తిగా నమ్మదగినవాడని మాత్రం ప్రత్యేకంగా రాశాడు. దూరాన ఉన్నవాడి కళ్ళతో చూస్తున్నప్పుడు ఆ కళ్ళెంత నమ్మదగినవో కూడా రాసిపెట్టుకోవాలి కదా.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మన దేశం నుంచి వెళ్ళింది. గుజరాత్‌లోని కాఠియావాడ్ గుర్రాన్ని చెవులు చూసి ఎవరైనా గుర్తుపడతారు. రెండు చెవుల కొసలూ లోపలికి వంగి, నెత్తి మీద నమస్కారం పెట్టినట్టు ఒకదానికొకటి తాకుతాయి. ఇండియా ప్రభుత్వం తరఫున ఆ జాతిని పరిశీలించిన కల్నల్ పూల్ డార్విన్‌కు వివరాలు అందించాడు. వెన్నున గీత ఎప్పుడూ ఉంటుంది, కాళ్ళకు పట్టీలు సాధారణం, భుజం గీత తరచుగా ఉంటుంది, ఒక్కోసారి అది రెండూ మూడూ అవుతుంది, బుగ్గల మీద చారలు కూడా ఉండటం కద్దు. చారలు లేని గుర్రాన్ని అక్కడివాళ్ళు మేలుజాతిగా ఒప్పుకోరట. ఇంగ్లండ్‌లో వింతగా చెప్పుకునే గుర్తు కాఠియావాడ్‌లో కులీనతకు ఆనవాలు.

పూల్ చెప్పినవాటిలో డార్విన్ పట్టుకున్న కీలకం మరొకటుంది. చారలు పిల్లల్లో బాగా తేటగా ఉంటాయి, ముసలి గుర్రాల్లో ఒక్కోసారి పూర్తిగా మాసిపోతాయి. పెద్దయ్యాక బూడిదరంగుకో ఎర్రగోధుమకో తిరిగే కాఠియావాడ్ గుర్రాలు కూడా పుట్టినప్పుడు చారలతో ఉండటం పూల్ చూశాడు. ఇంగ్లండ్ పందెపు గుర్రాల్లోనూ వెన్నుగీత పెద్దవాటికంటే పిల్లల్లోనే ఎక్కువని ఎడ్వర్డ్స్ అనే ఆయన చెప్పినదాన్ని బట్టి డార్విన్‌కు అనుమానం కలిగింది.

ఇక కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్. జీతం తక్కువ, చాకిరీ ఎక్కువ, అయినా డార్విన్‌కు పేజీలకు పేజీలు రాసేవాడు. అప్పటికి సూయెజ్ కాలువ లేదు. ఉత్తరం ఓడలో సూయెజ్ దాకా పోయి, ఈజిప్టు నేల మీదుగా అలెగ్జాండ్రియా చేరి, మళ్ళీ ఓడ ఎక్కేది. మన కచ్ రణ్‌లో కనిపించే అడవిగాడిద జాతికి మామూలుగా భుజం గీత ఉండదు. కాని అప్పుడప్పుడూ దాని జాడ కనిపిస్తుందని చెప్పినవాళ్ళలో బ్లైత్ ఒకడు. ఆ గాడిదల పిల్లలకు కాళ్ళ మీద చారలు సాధారణమని, భుజం మీద కూడా లీలగా ఉంటాయని పూల్ చెప్పాడు.

కంచరగాడిద చెప్పిన జవాబు

1859 నవంబరు 24న వెలువడిన ‘జాతుల పుట్టుక’ గ్రంథంలో ఐదో అధ్యాయం చివర అప్పటికి వచ్చిన ఈ సమాచారమంతా ఒకచోట చేరింది. అక్కడ డార్విన్ వాదన ఇలా నడుస్తుంది.

గుర్రానికి చారలు తక్కువ. గాడిదకు భుజం గీత, ఎప్పుడైనా కాళ్ళ మీద పట్టీలు. రెండింటికీ పుట్టిన కంచరగాడిదకో, కాళ్ళ చారలు తల్లిదండ్రులిద్దరికంటే ఎక్కువగా ఉంటాయి. అమెరికాలో కొన్నిచోట్ల పది కంచరగాడిదల్లో తొమ్మిదింటికి కాళ్ళ చారలుంటాయన్న మాటను తర్వాతి ముద్రణల్లో చేర్చాడు. తానే ఒకసారి చూసిన కంచరగాడిద కాళ్ళు, చూసినవాళ్ళు జీబ్రా పిల్ల అని భ్రమపడేంత చారలుగా ఉన్నాయట. తల్లి దగ్గరా, తండ్రి దగ్గరా అంతగా లేనిది పిల్లకు ఎక్కణ్ణించి వస్తుంది? తాతల దగ్గర్నించి. వేలవేల తరాల వెనక గుర్రానికీ, గాడిదకూ, అడవిగాడిదకూ, జీబ్రాకూ, క్వాగాకూ ఒక్కడే మూలపురుషుడు, వాడి ఒంటిమీద చారలున్నాయి. సంకరం జరిగినప్పుడు ఆ మరుగుపడిన లక్షణం మళ్ళీ పైకి తేలుతుంది. ఇంటి పావురాల్లో రెండు వేరు రకాలను కలిపితే అడవి పావురం నీలిరంగూ, రెక్కల మీది నల్లపట్టీలూ తిరిగొచ్చినట్టే ఇది కూడా.

ఒక్కో జాతినీ దేవుడు విడివిడిగా చేశాడని నమ్మేవాళ్ళను అక్కడ గట్టిగానే నిలదీశాడు. అలాగైతే ప్రతి జాతినీ పక్క జాతి చారలను అనుకరించే గుణంతో సృష్టించాడని ఒప్పుకోవాలి. అది సృష్టిని బూటకం చేయడమే అన్నాడు.

ఇంత పదునైన బుర్ర కూడా మోర్టన్ గుర్రం దగ్గర జారింది. నల్ల అరబ్బీకి పుట్టిన ఆ పిల్లల చారలను తన వాదానికి సాక్ష్యంగా తీసుకుంది నిజమే గాని, మొదటి మగజంతువు ప్రభావం తల్లిలో మిగులుతుందన్న కథను కూడా 1868 నాటి పుస్తకంలో నిజంగానే పరిగణించాడు. డన్ గుర్రాలేమిటి, ఎర్రగోధుమ గుర్రాలకు పుట్టిన పిల్లలేమిటి, క్వాగా గాలి సోకకుండానే చారలతో పుడతాయని ఆయన దగ్గరున్న ఉత్తరాలే చెబుతున్నాయి. ఆ ఉత్తరాలనూ మోర్టన్ కథనూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

పెనికుక్ గుర్రపుశాల

ఆ పని ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ కోసార్ యువర్ట్ చేశాడు. అయితే కలంతో కాదు. అప్పటికి క్వాగాలు లేవు, ఆఖరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. అందుకని 1895లో ఎడింబరో దగ్గర పెనికుక్‌లో తన సొంత శాలకు జీబ్రాను తెచ్చుకున్నాడు. దాని పేరు మాటోపో. ఒక పొట్టిజాతి నల్ల ఆడగుర్రంతో దాన్ని దాటిస్తే 1896లో చారల పిల్ల రోములస్ పుట్టింది. ఆ తర్వాత అదే ఆడగుర్రాన్ని అరబ్బీ గుర్రంతో దాటించాడు. మోర్టన్ కథను అడుగడుగునా మళ్ళీ నడిపించాడన్నమాట.

మోర్టన్ చేయనిది ఒకటి యువర్ట్ చేశాడు. జీబ్రా మొహం ఎన్నడూ చూడని గుర్రాలకు అరబ్బీల వల్ల పుట్టిన పిల్లల్ని కూడా పక్కన నిలబెట్టి చూశాడు. వాటికీ లీలగా చారలున్నాయి! జీబ్రాతో కలిసిన తల్లికి పుట్టినవాటిలో ప్రత్యేకమేమీ లేదు. 1899లో ‘పెనికుక్ ప్రయోగాలు’ పుస్తకం వచ్చేసరికి ఆ పాత నమ్మకానికి కాళ్ళు విరిగాయి.

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. మోర్టన్ విషయంలో కన్ను సరిగ్గా చూసింది, కారణం తప్పింది. కొద్ది ఏళ్ళలోనే దీనికి తలకిందులైన తగువు వచ్చింది. చార్లెస్ హర్స్ట్ అనే పరిశోధకుడు పందెపు గుర్రాల వంశావళి పుస్తకాలు తిరగేసి, రాగిరంగు గుర్రాలు రెండింటిని కలిపితే రాగిరంగు పిల్లలే పుడతాయని, వంశపారంపర్యం మీద మెండెల్ చెప్పిన సూత్రం గుర్రాలకూ వర్తిస్తుందని తేల్చాడు. వెల్డన్ అనే శాస్త్రవేత్త అవే పుస్తకాల్లోంచి దీనికి లొంగని నమోదులు బయటికి లాగాడు. హర్స్ట్ పక్షంవాళ్ళు అవి రంగు రాయడంలో జరిగిన పొరపాట్లన్నారు. వెల్డన్ ఆ పుస్తకాల గొడవలో ఉండగానే 1906 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. చివరికి నిలిచింది హర్స్ట్ మాట. 1996లో స్వీడన్‌లోని ఉప్సాలాలో లీఫ్ ఆండర్సన్ బృందం రాగిరంగుకు కారణమైన జన్యువును పట్టుకుంది. ఈసారి కారణం సరైనది, రాసిపెట్టిన చూపులో తప్పులున్నాయి.

ఒక వెంట్రుకను అడ్డంగా కోస్తే

డన్ రంగు ముడి మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు విడలేదు. అదే ఆండర్సన్ బృందం ఇతర దేశాల వాళ్ళతో కలిసి ఆ ఫలితాన్ని 2016లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో అచ్చువేసింది.

డన్ గుర్రం ఒంటిమీది ఒక వెంట్రుక తీసుకుని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, గుండ్రని ఆ ముక్కలో రంగు ఒక పక్కనే ఉంటుంది. బయటికి కనిపించే వైపున నల్లగా, రెండో వైపున దాదాపు ఖాళీగా. సగం రంగుతో ఎదిగిన వెంట్రుకలు లక్షలుగా చేరితే కంటికి ఒళ్ళంతా వెలసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు వెన్నుగీతలోంచి ఒక వెంట్రుక తీసి కోయండి. అందులో చుట్టూరా నిండుగా రంగుంటుంది.

అంటే గీత ఒంటిమీద అదనంగా వేసిన రంగు కాదు. ఒళ్ళంతా పలచబడగా, పలచబడకుండా మిగిలిన చోటు. బట్ట మీద మైనం పూసి అద్దకం వేసేవాళ్ళకు ఈ కిటుకు చెప్పక్కర్లేదు.

వెంట్రుక మొదట్లో రంగుకణాలు ఏ పక్కన చేరాలో నిర్ణయించే ఈ పని టిబిఎక్స్3 అనే జన్యువుది. గర్భంలో పిండం అవయవాలు ఏర్పడటానికి కావలసిన జన్యువుగా అది అప్పటికే తెలుసు, రంగుతో దానికి పొత్తు ఉంటుందని ఎవరూ ఊహించలేదు. డన్ కాని గుర్రాల్లో జన్యువు చెడలేదు, వెంట్రుకల దగ్గర దాన్ని నడిపించే మీట దెబ్బతింది. ఈ మార్పు రెండు రకాలు. ఒక రకంలో ఒళ్ళు ముదురురంగుకు తిరిగినా లీలగా వెన్నుగీత మిగలవచ్చు. రెండో రకంలో గీత ఉండదు. మొదటిది చాలా పాతది. సుమారు 43,000 ఏళ్ళనాటి గుర్రం ఎముకలో డన్ రకమూ, ఈ మొదటి మార్పూ రెండూ పక్కపక్కనే దొరికాయి. మనిషి గుర్రాన్ని మచ్చిక చేయడానికి ఎన్నో వేల ఏళ్ళ ముందటి మాట అది.

కాబట్టి గుర్రానికి అసలు ఒంటిరంగు డన్, గీతతో సహా. ముదురు రంగులే తర్వాత వచ్చినవి. మధ్య ఆసియా గడ్డిమైదానాల ప్రెజెవాల్‌స్కీ గుర్రాలన్నీ నేటికీ ఆ రంగులోనే పుడతాయి. వాటిని శాస్త్రవేత్తలు వర్ణించి పేరు పెట్టింది 1881లో. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో డార్విన్ పోయాడు. మూలగుర్రం ఒళ్ళంతా జీబ్రాలా చారలుండేదన్న ఆయన ఊహ సంగతి ఎలా ఉన్నా, చారలు సంకరం తెచ్చిన కొత్త వింత కాదు, పాత ఆస్తి అన్న మాట మాత్రం నిలిచింది.

క్వాగా కూడా మరోసారి పలికింది. 1984లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు మ్యూజియంలో ఉన్న దాని పాత చర్మం నుంచి డిఎన్‌ఎ తీశారు. అంతరించిన జంతువు నుంచి డిఎన్‌ఎ తీసి చదవడం లోకంలో అదే మొదలు. క్వాగా జీబ్రాకు దగ్గరి బంధువే తప్ప గుర్రానికి కాదని తేలింది.

వారం రోజుల చారలు

ఊరూరా అందర్నీ అడిగిన డార్విన్ చివరికి తానే ఒక పిల్లను పుట్టించి చూశాడు. తల్లి ఎర్రగోధుమ రంగుది, తుర్కమాన్ గుర్రానికీ ఫ్లాండర్స్ గుర్రానికీ పుట్టింది. తండ్రి ఇంగ్లీషు పందెపు గుర్రం, అదీ ఎర్రగోధుమే. ఎటు చూసినా చారలు రావలసిన కారణం కంటికి కనిపించదు. పిల్లకు వారం వయసులో పిరుదుల మీదా నుదుటి మీదా జీబ్రా చారల్లాంటి సన్నని నల్లగీతలు చాలా కనిపించాయి, కాళ్ళ మీద కూడా లీలగా ఉన్నాయి. కొన్నాళ్ళకే అన్నీ పూర్తిగా మాయమయ్యాయి.

ఆ గుర్రం పెద్దదయ్యాక దాన్ని చూసినవాళ్ళెవరికీ అందులో చెప్పుకోదగ్గది ఏదీ కనిపించి ఉండదు. మామూలు ఎర్రగోధుమ గుర్రం. పుట్టిన వారానికి ఒకాయన దాని పక్కన నిలబడి ఎన్ని గీతలు, ఎక్కడెక్కడ అని రాసుకున్నాడు కాబట్టి ఆ చారలు ‘జాతుల పుట్టుక’ తర్వాతి ముద్రణల్లో కొన్ని వాక్యాలై ఇప్పటికీ ఉన్నాయి.